కుక్కకు సరుకులు ఎక్కడ కొనాలి? పెట్ షాపు, ఆన్‌లైన్, పది నిమిషాల యాప్, డాక్టరు గారి క్లినిక్: దేనికి ఎటు వెళ్లాలి

ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చిన వారంలోనే కొనాల్సినవాటి చిట్టా తయారవుతుంది. తిండి, గిన్నెలు, బెల్టు, షాంపూ, పిడుదుల మందు, కొరుక్కోడానికి బొమ్మ. ఏం కొనాలో ఎవరో ఒకరు చెబుతారు. ఎక్కడ కొనాలన్న దగ్గరే తికమక. వీధి చివర పెట్ షాపు ఉంటుంది. అదే ప్యాకెట్ ఫోన్‌లో వంద రూపాయలు తక్కువకు కనిపిస్తుంది. డాక్టరు గారి క్లినిక్‌లో కూడా ఒక అద్దాల బీరువా నిండా సరుకు ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. అన్నీ ఒకేచోట కొనాలనుకోకండి. వస్తువును బట్టి చోటు మార్చండి. తిండి ఒక లెక్క, మందు ఒక లెక్క, ఒంటికి తొడిగేది ఇంకో లెక్క. ఈ మూడింటినీ కలిపేసి "ఎక్కడ చవక" అని మాత్రమే చూస్తే డబ్బు మిగిలినట్టే ఉంటుంది కానీ తర్వాత అది ఆసుపత్రి బిల్లులో పోతుంది.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం, సరుకు ఎలా నిల్వ ఉందన్నది. డాగ్ ఫుడ్‌లో కొవ్వు ఎక్కువ. గింజల పైన కూడా రుచి కోసం కొవ్వు పూత పూస్తారు. గాలి, వేడి, తేమ తగిలితే ఆ కొవ్వు చెడిపోతుంది. మే నెలలో రేకుల షెడ్డులో పడి ఉన్న బస్తా మీదా, చల్లటి గదిలో ఉన్న బస్తా మీదా ఒకే ఎక్స్‌పైరీ తేదీ ఉండొచ్చు. లోపలి సరుకు మాత్రం ఒకేలా ఉండదు. అందుకే తేదీ ఒక్కటే చూస్తే చాలదు.

రెండోది కిలో ధర. 1.2 కిలోలు, 3 కిలోలు, 10 కిలోలు, 20 కిలోలు అని రకరకాల ప్యాకెట్లు ఉంటాయి. డిస్కౌంట్ శాతాన్ని కాకుండా కిలోకు ఎంత పడుతుందో చూడండి. ఉదాహరణకు 3 కిలోలు 900 రూపాయలైతే కిలో 300. పది కిలోలు 2,600 అయితే కిలో 260. తేడా కిలోకు 40 రూపాయలే. మీ చిన్న కుక్క ఆ పది కిలోలు తినేలోగా సగం పాడైతే ఆ 40 మిగలకపోగా పైన నష్టం.

మూడోది, అమ్మేవాడు ఎవరు. బ్రాండ్ సొంత స్టోరా, ఊరూపేరూ తెలియని సెల్లరా, ఎదురుగా నిలబడి సమాధానం చెప్పే మనిషా? మందుల విషయంలో ఇదే అసలు ప్రశ్న. వాపసు, అత్యవసరం, తొడిగి చూసుకునే వీలు లాంటివి వస్తువును బట్టి లెక్కలోకి వస్తాయి.

| చోటు | తిండి | మందులు | బెల్టు, హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) | అర్జెంటైతే | వాపసు |
|---|---|---|---|---|---|
| వీధి పెట్ షాపు | సీలు ప్యాకెట్ అయితే మంచిది, లూజు వద్దు | వద్దు | అన్నిటికంటే మంచిది | షాపు తెరిచి ఉంటే సరే | మాట మీద, పరిచయం మీద |
| ఆన్‌లైన్ | పెద్ద బస్తాకు మంచిది | డాక్టరు చీటీ అడిగే చోట మాత్రమే | కొలత తెలిస్తేనే | పనికిరాదు | బొమ్మలకు సులువు, తిండికి కష్టం |
| పది నిమిషాల యాప్ | చిన్న ప్యాకెట్లు | వద్దు | దొరికేవి తక్కువ | ఇదే దిక్కు | పాడైతే డబ్బు వాపసు |
| వెట్ క్లినిక్ | ప్రిస్క్రిప్షన్ డైట్ (జబ్బును బట్టి డాక్టరు రాసే తిండి) | ఇక్కడే | అరుదు | క్లినిక్ వేళల్లో | అడిగి చూడాలి |
| స్టీలు కొట్టు, కిరాణా, చికెన్ షాపు | ఇంటి వంట సరుకు | వద్దు | పనికిరాదు | సరే | వర్తించదు |

వీధి పెట్ షాపు

పెట్ షాపు గొప్పతనం కుక్కను వెంట తీసుకెళ్లగలగడం. హార్నెస్ తొడిగి చూడొచ్చు, బొమ్మ వాసన చూపించొచ్చు. లోపలికి అడుగుపెట్టగానే అది ముందు బిస్కెట్ల అర దగ్గరికి లాగుతుంది, తర్వాత పంజరంలో పిట్టల వైపు, ఆ తర్వాత ఇంకొకరి కుక్క తోక వైపు. అక్కడ గడిపే పావుగంట దానికి పండగే.

అయితే టీకాలు పూర్తికాని పిల్లను ఆ నేల మీద దింపకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతికే ఉంటుంది. ఆ షాపుకు రోజూ ఎన్ని కుక్కలు వచ్చి పోతాయో, వాటిలో ఏది జబ్బుతో వచ్చిందో ఎవరికీ తెలియదు. కుక్కపిల్లల టీకాల వరుస మామూలుగా 16 వారాల వయసు దాకా నడుస్తుంది. అప్పటిదాకా కొలతలు రాసుకుని మీరొక్కరే వెళ్లండి. తీసుకెళ్లక తప్పకపోతే చంకలోంచి దించొద్దు.

ఇక లూజు సంగతి. చాలా షాపుల్లో గుమ్మం పక్కనే 20 కిలోల బస్తా మూతి మడిచి ఉంటుంది. మగ్గుతో తోడి, కవర్లో పోసి, తూకం వేసి ఇస్తారు. కిలో ధర సీలు ప్యాకెట్ కంటే తక్కువే. దానితో పాటు పోయేవి చూడండి. తయారీ తేదీ తెలియదు. బ్యాచ్ నంబరు ఉండదు. బస్తా ఎప్పుడు విప్పారో షాపతనికే గుర్తుండదు. నిన్నటి బస్తా అడుగున మిగిలింది ఇవాళ్టి బస్తాలో కలిపారేమో చెప్పలేం. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలం తేమకు తెరిచిన బస్తా మరీ త్వరగా మెత్తబడుతుంది, బూజు పడుతుంది. బూజు వదిలే విషాలు కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తాయి, అవి కంటికి కనిపించవు. సీలు ప్యాకెట్‌కు డబ్బు చాలకపోతే ఖరీదైన బ్రాండ్ లూజుగా కొనేకంటే, మామూలు బ్రాండ్ చిన్న సీలు ప్యాకెట్ కొనండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

సీలు ప్యాకెట్ కొన్నా చేతితో చూసుకోండి. కుట్టు దారం తెగి, మళ్లీ టేపు వేసి ఉంటే తీసుకోవద్దు. ప్యాకెట్ బయట నూనె మరక ఉంటే లోపల వేడికి కొవ్వు కారిందన్నమాట. ఇంటికొచ్చి విప్పాక గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకోండి. మాంసం వాసన, ధాన్యం వాసన రావాలి. పాతబడ్డ పల్లీల్లా ముక్కిన వాసన వస్తే పెట్టకండి. రోజూ ఎగబడి తినే కుక్క గిన్నె చూసి మొహం తిప్పుకుంటే దాని ముక్కునే నమ్మండి.

పెడిగ్రీ తయారుచేసే మార్స్ కంపెనీ ఫ్యాక్టరీ మన సిద్దిపేట జిల్లాలోనే ఉంది. అంత దగ్గర్లో తయారైనా షాపులో కొన్ని నెలలు కదలకుండా కూర్చున్న ప్యాకెట్ తాజాది కాదు. అందుకే తయారీ తేదీ చదవాలి. విదేశీ బ్రాండ్ అయితే ఇంపోర్టర్ పేరు, చిరునామా, ఎమ్మార్పీ ప్యాకెట్ మీద ఉన్నాయో లేదో చూడండి. అవి లేని ప్యాకెట్ ఏ దారిన వచ్చిందో తెలియదు.

బెల్టు, హార్నెస్ మాత్రం నిస్సందేహంగా ఇక్కడే కొనాలి. మెడ పట్టీకి, మెడకు మధ్య రెండు వేళ్లు దూరాలి. అంతకంటే వదులైతే తల జారిపోతుంది, బిగుతైతే ఒరుసుకుంటుంది. మన ఊరి కుక్కలకు లోతైన ఛాతీ, సన్నటి నడుము, పొడవైన తల ఉంటాయి. లాబ్రడార్ లాంటి బొద్దు కుక్కను ఊహించుకుని తయారుచేసిన సైజులు వీటికి ఛాతీ దగ్గర సరిపోయి మెడ దగ్గర వదులవుతాయి. షాపులోనే తొడిగి, మెల్లగా వెనక్కి లాగి చూడండి. అక్కడ జారిందంటే దీపావళి రాత్రి మొదటి టపాకాయ పేలగానే రోడ్డు మీద జారుతుంది. ముళ్ల గొలుసులు, బిగుసుకునే చోక్ చెయిన్లు చూపిస్తే వద్దనండి. పగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు అసలే ఊపిరి కష్టం, వాటికి మెడ పట్టీ కంటే హార్నెస్ మేలు.

మూతి బుట్ట (మజిల్) అడిగితే ఎక్కువ షాపుల్లో ముందు నైలాన్ గొట్టం తీసిస్తారు. అది నోరు తెరవనివ్వదు. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ప్రధానంగా నాలుక బయటపెట్టి రొప్పడంతోనే. మన ఎండల్లో నోరు కట్టేసి నడిపిస్తే వడదెబ్బే. రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలున్న జాలీ బుట్ట అడిగి తీసుకోండి, లేకపోతే తెప్పించమనండి.

ఆన్‌లైన్

బరువైనవి, మళ్లీ మళ్లీ అవే కొనేవి ఆన్‌లైన్లో కొనడం సుఖం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, 20 కిలోల బస్తా అంటే షాపు కంటే ఇదే మేలు. పెద్ద సైట్లలో ఒకే ప్యాకెట్‌ను పది మంది సెల్లర్లు అమ్ముతుంటారు. అందరికంటే తక్కువ ధరను కాదు, సెల్లర్ పేరును చూసి నొక్కండి. బ్రాండ్ సొంత స్టోరు గానీ, హెడ్స్ అప్ ఫర్ టెయిల్స్, సూపర్‌టెయిల్స్ లాంటి పెంపుడు జంతువుల సరుకుకే ప్రత్యేకమైన సైట్లు గానీ అయితే టెన్షన్ తక్కువ.

భారీ తగ్గింపు కనిపిస్తే ముందు ఎక్స్‌పైరీ ఎప్పుడో అడగండి. తేదీ దగ్గరపడ్డ సరుకును వదిలించుకోడానికి అలా పెడుతుంటారు. రెండు వారాల్లో అయిపోయే చిన్న ప్యాకెట్‌కు అది లాభమే. రెండు నెలలు వాడే బస్తాకు కాదు. తెరిచిన డాగ్ ఫుడ్‌ను వాపసు తీసుకోవడానికి చాలా చోట్ల ఒప్పుకోరు కాబట్టి కొత్త బ్రాండ్ మొదటిసారి పెద్ద బస్తా తెప్పించకండి. చిన్నది తెచ్చి, పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు ఖాయం అనుకోవచ్చు.

బొమ్మల ఫోటోలు మోసం చేస్తాయి. తెరమీద పెద్దగా కనిపించిన బంతి చేతికొచ్చాక నిమ్మకాయంత ఉంటుంది. అది లాబ్రడార్ గొంతులో ఇరుక్కునే సైజు. సెంటీమీటర్లలో కొలత చదవండి, మీ కుక్క దవడ పళ్ల వెనక్కి జారిపోలేనంత పెద్దది ఎంచుకోండి.

పది నిమిషాల యాప్

రాత్రి తొమ్మిదింటికి డబ్బా ఖాళీ అయిందని చూసినప్పుడు బ్లింకిట్, జెప్టో లాంటివి ఆదుకుంటాయి. చిన్న ప్యాకెట్లు, గ్రేవీ పౌచ్‌లు, పిల్లి మలమూత్రాలకు వాడే ఇసుక దొరుకుతాయి. చిన్న సైజులే ఎక్కువ కాబట్టి కిలో ధర ఎక్కువ పడుతుంది. పౌచ్ తీసుకునేటప్పుడు దాని వెనక "కంప్లీట్" అని ఉందా, "కాంప్లిమెంటరీ" అని ఉందా చూడండి. రెండోదైతే అన్నంలోకి కూర లాంటిదే, రోజూ అదొక్కటే పెడితే పోషకాలు చాలవు.

డాక్టరు గారి క్లినిక్

పిడుదుల మందు, నులిపురుగుల మందు, చెవి చుక్కలు, చర్మం షాంపూ, కిడ్నీ డైట్. ఇవన్నీ ఇక్కడే. ధర ఆన్‌లైన్ కంటే కొంచెం ఎక్కువ ఉండొచ్చు. ఆ ఎక్కువ డబ్బుకు కుక్కను తూకం యంత్రం ఎక్కిస్తారు, అది చిన్న విషయం కాదు.

పిడుదులనే తీసుకోండి, కొన్నిచోట్ల గోమార్లు అంటారు. మన దగ్గర ఇవి మోసుకొచ్చే ఎర్లిచియా, బబీసియా జబ్బులకు ఎన్నో కుక్కలు బలవుతున్నాయి, టిక్ ఫీవర్ అంటున్నది వీటినే. మందులు చాలా రకాలు. నెక్స్‌గార్డ్ మాత్ర నెలకొకటి, బ్రావెక్టో మాత్ర దాదాపు 12 వారాలకొకటి. రెండూ బరువును బట్టి వేర్వేరు ప్యాకుల్లో వస్తాయి. నెక్స్‌గార్డ్‌లో 4 నుంచి 10 కిలోల కుక్కకు ఒకటి, 10 నుంచి 25 కిలోలకు ఇంకొకటి. అంచనాగా కొంటే మోతాదు తప్పుతుంది. మూర్ఛలు వచ్చే కుక్కకు ఈ రకం మాత్రలు ఇచ్చేముందు డాక్టరు ఆలోచిస్తారు. ఆ ప్రశ్న ఆన్‌లైన్ కార్ట్ అడగదు. పెద్ద మాత్ర కొని చిన్న కుక్కలకు ముక్కలు చేసి పంచడం కూడా వద్దు, మందు ముక్కముక్కకూ సమానంగా ఉంటుందన్న భరోసా లేదు.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో జాగ్రత్త. కుక్కల వీపు మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కకు వేసింది ఆరకముందే పిల్లి వచ్చి దాని ఒంటిని నాకినా ప్రమాదమే. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా పిల్లులకు విషం.

టీకాలు షాపులో కొని ఇంట్లో వేసుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. టీకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. మధ్యలో కరెంటు పోయిన ఫ్రిజ్‌లోంచి వచ్చిందో లేదో చూసి చెప్పలేం. ఖర్చు సమస్యైతే ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినోత్సవం సందర్భంగా రెండు రాష్ట్రాల్లోనూ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు.

స్టీలు కొట్టు, కిరాణా, చికెన్ షాపు

పెట్ షాపులో కొనక్కర్లేనివి చాలా ఉన్నాయి. గిన్నె స్టీలు సామాన్ల కొట్టులో కొనండి. అడుగు వెడల్పుగా, బరువుగా ఉంటే చాలు, బోర్లా పడదు. పరుపు బదులు మందపాటి పాత దుప్పటి ఉతికి వేయొచ్చు. తిండి నిల్వకు బియ్యం డబ్బా బాగా పనికొస్తుంది. గింజలు డబ్బాలోకి ఒంపేయకుండా ప్యాకెట్‌తో సహా అందులో పెట్టి మూత వేయండి. బ్యాచ్ నంబరు, తేదీ చేతిలో ఉంటాయి, పాత నూనె జిడ్డు కొత్త సరుకుకు అంటదు.

ఇంటి తిండి పెట్టేవాళ్లు ఎక్కువ. తప్పేం లేదు. కానీ పెరుగన్నం ఒక్కటే ఏళ్ల తరబడి పెడితే కుక్కకు మాంసకృత్తులు చాలవు. గుడ్డు ఉడికించి కలపండి, చికెన్ ఎముకలు తీసి ఉప్పు, మసాలా లేకుండా ఉడకబెట్టండి. పూర్తిగా ఇంటి తిండి మీదే పెంచాలనుకుంటే కాల్షియం, విటమిన్ల సంగతి డాక్టరును అడిగి మొదలుపెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దగ్గరికి రానివ్వద్దు. ఆదివారం బిర్యానీ ఎముకలు అసలే వద్దు. ఉడికిన కోడి ఎముక పదునుగా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

మొదటిసారి కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, షాపుకు తర్వాత. పిల్ల ఇప్పటిదాకా ఏం తింటోందో ఇచ్చినవాళ్లను అడిగి అదే చిన్న ప్యాకెట్ కొనండి. పెద్దజాతి పిల్ల అయితే "లార్జ్ బ్రీడ్ పప్పీ" అని ఉన్నదే తీసుకోండి. పైన కాల్షియం సిరప్‌లు ఎవరో చెప్పారని పోయకండి, ఎముకలు వంకర పోయే ప్రమాదం ఉంది.

పామెరేనియన్, షిట్జూ లాంటి చిన్న కుక్క ఉన్నవాళ్లకు 3 కిలోల ప్యాకెట్ చాలు. అయిదు కిలోల కుక్క రోజుకు దాదాపు 80 నుంచి 100 గ్రాములు తింటుంది, అంటే నెల సరుకు అదే. లాబ్రడార్ రోజుకు 300 గ్రాముల పైన తింటుంది కాబట్టి 10 కిలోల బస్తా నెలకు సరిపోతుంది. విప్పిన ప్యాకెట్ నెల, నెలన్నరలో ఖాళీ అయ్యే సైజునే ఎంచుకోండి. వీధి కుక్కలకు రోజూ పెట్టేవాళ్లకు 20 కిలోల బస్తా లాభం. దగ్గర్లోని డిస్ట్రిబ్యూటర్ ఎవరో కనుక్కుని నేరుగా అడగండి, మామూలు షాపు కంటే తగ్గే అవకాశం ఉంది.

పిల్లి వాళ్లకు ఒక్క మాట. కుక్క తిండి పిల్లికి పెట్టకండి. పిల్లికి టౌరిన్ అనే పోషకం తప్పనిసరి, అది చాలకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. ఇసుక బరువు కాబట్టి ఆన్‌లైన్లో తెప్పించుకోండి, వాసన లేని రకం అయితే పిల్లులు సులువుగా ఒప్పుకుంటాయి.

ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నది ఇంకోటి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, వాళ్లు పెంచిన కుక్క గుంటూరులోనో కరీంనగర్లోనో అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. మీరు అక్కణ్నుంచి ఆర్డర్ పెట్టేవాళ్లైతే పెద్ద బస్తా చవకని పంపకండి, నాన్నగారు దాన్ని ఎత్తలేరు. మూడు కిలోలవి రెండు పంపండి. హార్నెస్ కొలత వీడియో కాల్‌లో టేపుతో కొలిపించండి, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ. పిడుదుల మందు మాత్రం ఆర్డర్ పెట్టకుండా దగ్గరి డాక్టరుకు ఫోన్ చేసి, ఆటో మాట్లాడి, కుక్కను పంపి అక్కడే వేయించండి. తేదీ మీ ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి, వాళ్లకు గుర్తుచేసేది మీరే.

ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. ప్యాకెట్ విప్పేముందు బ్యాచ్ నంబరు, తేదీ, ఎమ్మార్పీ కనిపించేలా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. కుక్కకు వాంతులైతే డాక్టరుకు చూపించడానికి, సరుకు పాడైందని షాపతన్ని అడగడానికి అదే ఆధారం. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా, పాడైన సరుకు ఇచ్చి వాపసు కుదరదన్నా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.